సైకిల్ ఆట: మంగంపేట సీమలో ఒక వేసవి వృత్తి చరిత్ర

సైకిల్ ఆట అంటే ఒక మనిషి ఊరి నడుమ గీసిన గుండ్రటి బరిలో, రాత్రనక పగలనక, కాలు నేలకు ఆనించకుండా సైకిలు తొక్కుతూ ఉండడం. మూడు రోజులో, అయిదు రోజులో, ఏడు రోజులో, తొమ్మిది రోజులో ముందే గడువు చెప్పి బరిలోకి దిగుతాడు. గడువు తీరేదాకా సైకిలు దిగడు. తిండి, నీళ్ళు, స్నానం, గడ్డం గీసుకోవడం, బట్టలు మార్చుకోవడం అన్నీ దాని మీదే. పగలు మైకులో సినిమా పాటలు, సాయంత్రం సాహసాలు, రాత్రి రికార్డింగ్ డాన్సులు. టిక్కెట్టు ఉండదు. జనం ఇచ్చే చదివింపులే రాబడి. 20వ శతాబ్దపు రెండో సగంలో రాయలసీమ పల్లెల్లో, మిగతా తెలుగునాట, తమిళ, కన్నడ సీమల్లో కూడా ఈ ఆట సాగింది. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట, దాని చుట్టూ ఉన్న కోడూరు, రాజంపేట, నందలూరు పల్లెలు ఇలాంటి ఆటకు అన్ని విధాలా అనువైన నేల.

దీన్ని చాలామంది తిరుగుబోతుల వినోదం కింద జమకట్టారు. కానీ వృత్తి సైక్లిస్టు జీవితంలో ఉండేవన్నీ ఇందులో ఉన్నాయి. ఆటకు ఒక సీజను ఉంది. మాట్లాడుకున్న కూలి ఉంది, జట్టు ఉంది, సీజను అయ్యాక జట్టు మారడం ఉంది, వానాకాలపు విరామం ఉంది. ఐరోపాలో సైకిలు పందెగాళ్ళ చరిత్రను పత్రికలు, సంఘాలు పూసగుచ్చినట్టు రాసిపెట్టాయి. ఇక్కడ ఆ పని ఎవరూ చేయలేదు. అందుకే ఈ ఆట ఎలా పుట్టిందో, ఎలా నడిచిందో, ఎందుకు ఆగిందో వరుసగా చెప్పుకోవలసిన అవసరం ఉంది.

నేల, పని, కార్తెలు

మంగంపేట ముగ్గురాయికి పేరుపడ్డ ఊరు. బెరైటీస్ అనే ఖనిజాన్ని ఇక్కడి జనం ముగ్గురాయి అంటారు. ప్రపంచంలో ఒకేచోట ఉన్న అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఇది ఒకటి. రాయి చూడటానికి మామూలుగానే ఉంటుంది, చేతికి తీసుకుంటే బరువు తెలుస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి పోసే బురదలో ఈ రాతి పొడి కలుపుతారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి, ప్రపంచమంతా కొత్త బావుల తవ్వకం ఊపందుకుంది. దాంతో మంగంపేట రాయికీ గిరాకీ వచ్చింది. 1961లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ గనులు నడుపుతోంది. గనుల చుట్టూ రాయిని పొడి చేసే మిల్లులు వెలిశాయి. ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్ళ తల, కనురెప్పలు సాయంత్రానికి తెల్లబడేవి. కూలి మాత్రం రొక్కంగా చేతికి వచ్చేది.

ఈ రొక్కం ముఖ్యమైన విషయం. వర్షాధారపు పల్లెలో రైతు చేతికి ఏడాదికి ఒకటి రెండుసార్లే డబ్బు వస్తుంది. కడప జిల్లాలో సగటు వానపాతం 700 మిల్లీమీటర్లకు అటూఇటూ. వేరుశనగ, సజ్జ, జొన్న పంటలు చేతికొచ్చినప్పుడే ఊళ్ళో డబ్బు కదులుతుంది. గని, మిల్లు, రైల్వే పని ఉన్న ఊళ్ళలో అలా కాదు. అక్కడ కూలి పడే రోజు తరచుగా వస్తుంది. నందలూరులో ఆవిరి ఇంజన్ల రోజుల్లో రైల్వే షెడ్డు ఉండేది. కోడూరు చుట్టూ బావుల కింద అరటి, మామిడి తోటలు ఉన్నాయి. ఇలా పంట డబ్బు, కూలి డబ్బు, తోట డబ్బు కలిసిన చోట చదివింపుల మీద బతికే ఏ ఆటకైనా ఆసరా దొరుకుతుంది.

ఆటకు కాలం కూడా కలిసిరావాలి. కోడూరు, రాజంపేట వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ. తుపాన్లు పడితే కార్తీకం దాకా నేల ఆరదు. సంక్రాంతి నాటికి పంటలు ఇళ్ళకు చేరతాయి. అక్కడినుంచి శివరాత్రి, ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం, ఊరూరా గంగమ్మ జాతరలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడితే జనం పొలాలకు మళ్ళుతారు. బయలులో, చీకట్లో, పొడినేల మీద ఆడే సైకిల్ ఆటకు సంక్రాంతి నుంచి మృగశిర దాకా ఉన్న ఈ అయిదు నెలలే సీజను.

సైకిలు పల్లెకు రావడం

మద్రాసును బొంబాయితో కలిపే రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. అది రేణిగుంట దాటాక కోడూరు, ఓబులవారిపల్లె, రాజంపేట, నందలూరు మీదుగా కడపకు పోతుంది. మద్రాసు రేవులో దిగిన సరుకు ఏదైనా ఈ దారిలో సులువుగా వచ్చేది. సైకిలూ అలాగే వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన ర్యాలీ, హెర్క్యులెస్, బీఎస్‌ఏ బండ్లు ఉద్యోగస్తుల దగ్గర, కలిగినవాళ్ళ దగ్గర మాత్రమే కనిపించేవి. ఆ తర్వాత దేశంలోనే తయారీ పెరిగింది. 1949లో మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్ ఏర్పడింది. 1951లో సోనేపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీలు మొదలయ్యాయి. 1986 నాటికి హీరో ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

పల్లెల్లో సైకిలు కొనలేనివాళ్ళకు అద్దె సైకిళ్ళ అంగడి ఉండేది. గంటకింత అని పలకమీదో నోటుపుస్తకంలోనో రాసుకుని ఇచ్చేవాళ్ళు. పిల్లలు సీటు అందక బారు కింద కాలు దూర్చి నేర్చుకునేవాళ్ళు. స్థానిక సంస్థలు సైకిలుకు పన్ను వసూలు చేసి బిళ్ళ ఇచ్చేవి. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసులు పట్టుకునేవాళ్ళు. 1960లు, 1970ల నాటికి ఊళ్ళో ప్రతి మగవాడికీ సైకిలు తొక్కడం ఎంత కష్టమో, నిదానంగా తొక్కడం ఇంకెంత కష్టమో సొంత అనుభవంలో తెలుసు. సైకిల్ ఆటకు ఇదే పునాది. తనకు తెలిసిన పనినే ఇంకొకడు తన శక్తికి మించి చేస్తుంటే చూడటంలో జనానికి గౌరవం, ఆశ్చర్యం రెండూ కలుగుతాయి.

ఆటకు ముందున్న ఆటలు

రాయలసీమ పల్లెకు బయటి ఆటగాళ్ళు కొత్తకాదు. గడ ఎక్కి విన్యాసాలు చేసే దొమ్మరివాళ్ళు, తోలుబొమ్మలాటవాళ్ళు, వీధినాటకాలవాళ్ళు ఏటా వచ్చేవాళ్ళు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచకవధ’ నాటకంతో మొదలైన సురభి నాటక సంప్రదాయం ఇల్లూ వాకిలీ వెంటబెట్టుకుని తిరిగే వృత్తి జట్టు ఎలా ఉంటుందో తెలుగునేలకు చూపించింది. ఆ కుటుంబం కొమ్మలు వేసి, ఒక దశలో ముప్పైకి పైగా నాటక సమాజాలుగా నడిచింది. సంచారం, మకాం, ఊరి పెద్దల అనుమతి, జట్టు చీలిక, కొత్త జట్టు ఏర్పాటు అనే పద్ధతులన్నీ సైకిల్ ఆటకు ముందే ఇక్కడ స్థిరపడి ఉన్నాయి.

రెండో దారి సర్కసు. 1880లో విష్ణుపంత్ ఛత్రే గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదలుపెట్టాక దేశంలో సర్కసు కంపెనీలు పెరిగాయి. సైకిలు విన్యాసాలు వాటిలో తప్పనిసరి అంశం అయ్యాయి. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో పుట్టి, విజయనగరం కేంద్రంగా సర్కసు నడిపిన కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకోవడం, గొలుసులు తెంచడం, కార్లను కదలకుండా ఆపడం వంటి ప్రదర్శనలతో దేశమంతా పేరుపొందాడు. సైకిల్ ఆటగాళ్ళు సాయంత్రంపూట చూపే బలప్రదర్శనలు ఈ బాటలోనివే. రొమ్ము మీద బండ పెట్టి సమ్మెటతో పగలగొట్టించుకోవడం, జుట్టుకు తాడు కట్టి జీపునో లారీనో లాగడం, ట్యూబులైట్లు ఒంటిమీద పగలగొట్టించుకోవడం, గుంటలో పూడ్చిపెట్టించుకుని గంటల తర్వాత లేవడం వాటిలో కొన్ని.

ఆగకుండా తొక్కడమనే మూలసూత్రానికి మాత్రం దూరదేశంలో ఒక పోలిక ఉంది. 1878లో లండన్ ఇస్లింగ్టన్‌లోని అగ్రికల్చరల్ హాలులో ఆరు రోజుల సైకిలు పందేలు మొదలయ్యాయి. ఆదివారం ఆటలు ఆడకూడదన్న ఆచారం వల్ల గడువు ఆరు రోజులైంది. 1891లో ఈ పందెం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు చేరింది. నిద్ర మానేసి తొక్కిన పందెగాళ్ళు బరిలోనే మతి తప్పి ప్రవర్తించడం జనం చూశారు, పత్రికలు రాశాయి. 1897లో చార్లీ మిల్లర్ ఆరు రోజుల్లో 2,093 మైళ్ళు, అంటే దాదాపు 3,370 కిలోమీటర్లు తొక్కాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రం ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని చట్టం చేసింది. నిర్వాహకులు 1899 నుంచి ఇద్దరేసి జట్టుగా, ఒకరు తొక్కితే ఒకరు సేదతీరేలా పందెం మార్చారు. నేటికీ ఒలింపిక్స్‌లో ఉన్న ‘మాడిసన్’ అనే జంట పందెం పేరు అక్కడిదే.

ఆరు రోజుల పందేలు ఐరోపాలో చలికాలపు బతుకుదెరువు అయ్యాయి. రోడ్డు పందేల సీజను అక్టోబరులో ఇటలీలోని లొంబార్డీ పందెంతో దాదాపు ముగుస్తుంది. 1905లో పుట్టిన ఈ పందేన్ని ఆకురాలు కాలపు పందెమని పిలుస్తారు. ఆ తర్వాత పేరున్న పందెగాళ్ళు కప్పుకింద ఉన్న ట్రాకుల మీద ఆరు రోజుల పందేల్లో డబ్బు సంపాదించుకునేవాళ్ళు. బెల్జియానికి చెందిన పాట్రిక్ సెర్కు అలాంటి పందేలు 88 గెలిచాడు. ఎడ్డీ మెర్క్స్ అంతటివాడు అతనికి జోడీగా తొక్కాడు. వాళ్ళకు చలి ఎలా ఒక సీజను అయిందో, రాయలసీమ ఆటగాడికి వేసవి అలా ఒక సీజను అయింది. రెండుచోట్లా సూత్రం ఒకటే. జనానికి తీరిక దొరికే కాలంలో, జనం చూడగలిగేంత చిన్న బరిలో, మనిషి ఓపికకు పరీక్ష పెట్టడం.

బరి, బండి, మనిషి

ఆటకు చోటు బడి ముందరి బయలో, రచ్చబండ దగ్గరి ఖాళీ స్థలమో, సంత జరిగే చోటో. నేల చదును చేసి, నీళ్ళు చల్లి, గుండ్రంగా గీత గీస్తారు. నడుమ ఒక గుంజ పాతి, దానికి మైకు, ట్యూబులైట్లు, రంగు కాగితాలు కడతారు. బరి చుట్టూ దడి ఉండదు, తాడు ఉంటే ఉంటుంది. కరెంటు ఊళ్ళోంచి లాగుతారు, లేకపోతే జనరేటరు.

బండి మామూలు నల్ల సైకిలే. ఒకే గేరు, ఇనుప చట్రం, ఇరవై కిలోల బరువు. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, చైను కవరు తీసేస్తారు. బ్రేకు కడ్డీలు కూడా తీసేస్తేనే హ్యాండిలు చుట్టూ తిరుగుతుంది. చిన్న వలయంలో తిరిగే విన్యాసాలకు అది అవసరం. పంక్చర్లు రాయలసీమ నేలలో తప్పనివి. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఎంత ఊడ్చినా మిగులుతాయి. ట్యూబులో గాలి పోయినప్పుడు పక్కన ఇంకొకడు రెండో సైకిలు తోసుకుంటూ సమానంగా పరుగెత్తుతాడు. ఆటగాడు ఒక చేత్తో దాని హ్యాండిలు పట్టుకుని, కాలు నేల తగలకుండా ఒక సీటు మీది నుంచి రెండో సీటు మీదికి జారుతాడు. పాత బండిని పక్కకు లాగేసి అతికింపు వేస్తారు. జనం ఈలలు వేసేది ఇలాంటి చోట. ఇది అవసరంకొద్దీ పుట్టిన పని, చూసేవాళ్ళకు మాత్రం విన్యాసమే.

నిదానంగా తొక్కడంలో ఉన్న కష్టం లెక్క వేస్తే తెలుస్తుంది. 30 మీటర్ల చుట్టుకొలత ఉన్న బరిలో గంటకు 6 కిలోమీటర్ల వేగంతో తొక్కితే గంటకు 200 చుట్లు. 24 గంటలకు 4,800 చుట్లు, 144 కిలోమీటర్లు. అంత నిదానంలో బండి తనంతట తాను నిలబడదు. ముందు చక్రాన్ని క్షణక్షణం అటూఇటూ తిప్పుతూ తూకం చూసుకోవాలి. పైగా ఎప్పుడూ ఒకే పక్కకు వంగి తిరగడంతో ఒకవైపు నడుము, ఒక భుజం, ఒక మోకాలు పట్టేస్తాయి. అందుకే ఆటగాడు నడుమనడుమ వలయం తిరిగే దిక్కు మారుస్తాడు. రెండో రోజుకు అరచేతులు మొద్దుబారతాయి. మూడో రోజుకు పాదాలు, చీలమండలు వాస్తాయి. కూర్చున్నచోట ఒరుసుకుని పుండ్లు పడతాయి. తడిగుడ్డ, కొబ్బరినూనె, మెత్తని దిండు సీటు తప్ప వేరే వైద్యం లేదు.

అన్నిటికంటే పెద్ద శత్రువు నిద్ర. రెండు రాత్రులు నిద్రలేని మెదడు కళ్ళు తెరిచి ఉండగానే కొన్ని సెకన్లు నిద్రలోకి పోతుంది. నడిరాత్రి దాటాక తెల్లవారేదాకా ఉండే జాముల్లో ఈ ముప్పు ఎక్కువ. అప్పుడు జట్టులో ఒకడు పక్కనే నడుస్తూ మాట్లాడిస్తాడు, ముఖాన నీళ్ళు చల్లుతాడు. ఊరి కుర్రాళ్ళు కొందరు బరి పక్కనే దుప్పట్లు వేసుకుని పడుకుంటారు. ఆటగాడు కాలు కింద పెడతాడేమో చూడటానికి వచ్చినవాళ్ళే, రెండో రాత్రికి అతను పడిపోకుండా చూసే కాపలాదార్లు అయిపోతారు. అనుమానంతో మొదలైన చూపు ఆదరంగా మారడం ఈ ఆటలోని గొప్ప సంగతి.

తిండి తేలికగా ఉండాలి. సంగటి ముద్ద తింటే కునుకు వస్తుంది కనుక రాగి అంబలి, మజ్జిగ, అరటిపండు, సోడా, టీ నీళ్ళతో కాలం గడుపుతాడు. ఎండ 43, 44 డిగ్రీలకు చేరే మధ్యాహ్నం బరి మీద కొంత మేర తాటాకు పందిరి వేస్తారు, తల మీద తడి తువ్వాలు కప్పుతారు. స్నానం అందరూ చూసే ఘట్టం. ఇద్దరు బిందెలతో అటూఇటూ నిలబడతారు. ఆటగాడు సైకిలు ఆపకుండా తిరుగుతూ, వాళ్ళ పక్కగా వచ్చినప్పుడల్లా తలమీద నీళ్ళు పోయించుకుంటాడు, ఒంటిచేత్తో సబ్బు రుద్దుకుంటాడు. కాలకృత్యాలకు గుడ్డ చాటు కడతారు.

సాయంత్రం వెలుగు తగ్గేసరికి బరి నిండుతుంది. హ్యాండిలు వదిలేసి సీటు మీద నిలబడటం, హ్యాండిలు మీద వెనక్కి తిరిగి కూర్చుని తొక్కడం, నలుగురైదుగురిని ఎక్కించుకోవడం, తిరుగుతూనే వంగి నేలమీది రుమాలును, రూపాయి నోటును నోటితో తీయడం వరుసగా సాగుతాయి. తర్వాత జోకరు, రికార్డింగ్ డాన్సులు. ఎన్టీఆర్, ఏఎన్నార్, తర్వాతి కాలంలో కృష్ణ, చిరంజీవి సినిమా పాటలకు వేషాలు కట్టి ఆడతారు.

చదివింపులు

ఆట నడిచేది మైకు పట్టిన మనిషి నోటిచలవ మీద. డబ్బు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, వాళ్ళ తండ్రి పేరూ, వీధి పేరూ చదువుతాడు. అందుకే అవి చదివింపులు. రూపాయి ఇచ్చినా వంద ఇచ్చినా పేరు ఊరంతా వినబడుతుంది. పోటీ పెరిగితే రాబడి పెరుగుతుంది. నోట్లు ఆటగాడి చొక్కాకు పిన్నీసులతో గుచ్చుతారు, నోట్ల దండలు వేస్తారు. డబ్బు లేని ఇళ్ళవాళ్ళు బియ్యం, వేరుశనగకాయలు, పాత బట్టలు ఇస్తారు. ఆడవాళ్ళు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు.

చివరి రోజు అన్నిటికంటే ముఖ్యం. గడువు తీరే వేళకు ఊరిపెద్దలను పిలుస్తారు. ఆటగాణ్ణి చేతులమీద దించి, దండలు వేసి, కొత్త బట్టలు పెడతారు. నేలమీద నిలబెడితే కాళ్ళు నిలవవు. ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపించాలి. ఆ నడకతోనే ఇంటింటికీ తీసుకెళ్ళి ఆఖరి చదివింపులు అడుగుతారు. మొత్తం రాబడిలో పెద్దభాగం ఆ ఒక్క పూటలోనే వస్తుంది.

సీజను ముగింపు, పార్టీ మార్పు

ఇలాంటి జట్టును ఊళ్ళో ‘పార్టీ’ అనేవాళ్ళు. పార్టీకి ఒక యజమాని ఉంటాడు. మైకుసెట్టు, లైట్లు, సైకిళ్ళు, సామాను అతనివి. తొక్కేవాడు, విన్యాసాలు చేసేవాడు, జోకరు, డాన్సు చేసే ఆడపిల్లలు, మగపిల్లలు, మైకు మనిషి, వంటమనిషి కలిపితే పది మంది దాకా అవుతారు. చాలాచోట్ల యజమానే తొక్కేవాడు, ఇంటివాళ్ళే పార్టీ. పెద్ద పార్టీల్లో మాత్రం తొక్కేవాడు కూలికి కుదిరినవాడు. అతని ఒడంబడిక కాగితం మీద ఉండదు. అడ్వాన్సు రూపంలో ఉంటుంది. సీజను ముందు తీసుకున్న డబ్బే కట్టు.

తొలకరి పడ్డాక పార్టీ లెక్కలు చూసుకుంటుంది. ఖర్చులు, బాడుగలు, తిండి పోగా మిగిలినదాన్ని పంచుకుంటారు. అప్పటికి అడ్వాన్సు తీరినవాడు స్వతంత్రుడు. తీరనివాడు వచ్చే సీజనుకు కూడా అదే పార్టీకి కట్టుబడతాడు. లేదా కొత్త యజమాని ఆ బాకీ తీర్చి అతణ్ణి తీసుకుపోతాడు. ఇటుక బట్టీల్లో, సర్కసుల్లో, నాటక సమాజాల్లో కనిపించే పద్ధతే ఇది. పేరున్న తొక్కుడుగాడికి గిరాకీ ఉంటుంది. అయినా బేరమాడే బలం యజమాని చేతిలోనే ఎక్కువ. దెబ్బ తగిలి సీజను పోతే బాకీ పెరుగుతుంది తప్ప పరిహారం రాదు.

ఐరోపాలో ఇదే విషయం వేరే దారిలో స్థిరపడింది. 1903లో మొదటి టూర్ దె ఫ్రాన్స్ నాటికి పందెగాళ్ళను పోషించేది సైకిలు కంపెనీలే. 1954లో ఇటలీ పందెగాడు ఫియొరెంజో మాగ్ని నివియా క్రీము కంపెనీని పోషక సంస్థగా తెచ్చుకున్నాక సైకిళ్ళతో సంబంధం లేని కంపెనీలు కూడా జట్లు నడపడం మొదలైంది. ఇప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమాల ప్రకారం జట్టు మార్పుల ప్రకటనలు ఆగస్టు 1 నుంచి మొదలవుతాయి. ఒడంబడికలు డిసెంబరు 31తో ముగుస్తాయి. కొత్త సంవత్సరంతో కొత్త జెర్సీ వస్తుంది. కనీస జీతం, బీమా వంటివి నియమాల్లో చేరాయి. ఆ రక్షణలన్నీ సంఘాలు ఉండబట్టి వచ్చాయి. మన పార్టీల్లో తొక్కినవాళ్ళకు సంఘం లేదు. 1946లో ఏర్పడిన భారత సైక్లింగ్ సమాఖ్య చూసేది పందేల సైక్లింగును. ఊరి బరి ఆ లెక్కలోకి రాలేదు. ఇది ఆ మనుషులకు జరిగిన అన్యాయం. వాళ్ళ శ్రమ ఎవరి శ్రమకూ తీసిపోదు.

సీజను లేని నెలల్లో తొక్కేవాళ్ళు దొరికిన పని చేసుకున్నారు. పొలం పనులు, రాళ్ళు కొట్టడం, లారీల ఎగుమతి దిగుమతి, సైకిలు రిపేరు అంగడి వంటివి. దేహానికి అది విశ్రాంతి కాదు. అయినా పుండ్లు మానడానికి, నిద్ర తిరిగి కుదురుకోవడానికి ఆ వానాకాలమే దిక్కు.

ఆరుబయట బతుకు

పార్టీకి ఇల్లు ఉండదు, మకాం ఉంటుంది. బడి వరండా, సత్రం, చింతచెట్టు కింద గుడారం. సామాను ఎడ్లబండి మీదో లారీ మీదో, రైలు దగ్గరగా ఉంటే ప్యాసింజరు బండిలోనో కదులుతుంది. ఒక ఊళ్ళో ఆట ముగిసేలోపే ఒకడు పక్క ఊరికి వెళ్ళి సర్పంచును, పెద్దలను కలిసి అనుమతి అడగాలి. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, కరెంటు ఎవరిస్తారు, జాతర ఎప్పుడు, గనిలో కూలి పడేది ఎప్పుడు అని తెలుసుకోవాలి. తుపాను మబ్బు పట్టినా, ఊళ్ళో చావు జరిగినా, ముఠాల గొడవ ఉన్నా ఆట ఉండదు. పార్టీ ఆ రోజులను చేతిలో డబ్బుతోనే గడపాలి.

పిల్లల చదువు ఈ బతుకులో మొదట పోయేది. ఏడాదిలో సగం ఊళ్ళు మారే ఇంటి పిల్లలు బడిలో నిలవరు. డాన్సు చేసే ఆడపిల్లలకు మర్యాద కరువు. కేకలు, అసభ్యపు కోరికలు, పోలీసుల బెదిరింపులు వాళ్ళు రోజూ ఎదుర్కొన్నవి. తొక్కేవాడికి దండలు వేసిన ఊరే వాళ్ళను చిన్నచూపు చూసింది. ఈ ఆట చరిత్రలో ఆ బాధను దాచడం తగదు.

సినిమాలో

ఆగకుండా తొక్కే మనిషి కథ సినిమాను కూడా ఆకర్షించింది. 1972లో మనోజ్ కుమార్ రాసి, తీసి, నటించిన హిందీ సినిమా ‘షోర్’లో మాట పోయిన కొడుకు ఆపరేషనుకు డబ్బు కోసం తండ్రి రోజుల తరబడి సైకిలు తొక్కుతాడు. 1980ల చివర్లో ఇరాన్ దర్శకుడు మొహసెన్ మఖ్మల్‌బాఫ్ తీసిన ‘సైక్లిస్ట్’లో భార్య వైద్యం కోసం అఫ్ఘాన్ శరణార్థి వారం రోజులు బరిలో తిరుగుతాడు. ఈ ఆట ఒక్క రాయలసీమదే కాదని, పేదరికం, సైకిలు, తీరిక ఉన్న జనం కలిసిన ప్రతిచోటా పుట్టగలదని ఆ సినిమాలు చెబుతాయి. రెండింటిలోనూ తొక్కేవాడు ఒక్కసారి, ఒక అవసరం కోసం తొక్కుతాడు. పార్టీ ఆటగాడు మాత్రం ఏటా, ఊరూరా, అదే వృత్తిగా తొక్కాడు.

ఆట తగ్గిపోవడం

ఆట ఒక్కసారిగా ఆగలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత దూరదర్శన్ రిలే కేంద్రాలు వేగంగా పెరిగాయి. 1987లో ‘రామాయణ్’ ధారావాహిక వచ్చేసరికి పల్లెలో పంచాయతీ టీవీ ముందు జనం చేరారు. 1995లో ఈటీవీ, జెమిని ఛానళ్ళు మొదలయ్యాక ఇంటింటా తెలుగు పాటలు, డాన్సులు వచ్చేశాయి. రికార్డింగ్ డాన్సు చూడటానికి బయలుకు రావలసిన పని తగ్గింది. అసభ్యత పేరుతో పోలీసులు రికార్డింగ్ డాన్సులను అడ్డుకోవడం మామూలైంది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులను నిషేధించాయి. ఆటకు రాత్రే ప్రాణం, మైకే ఆదాయం. రెండూ ఒకేసారి పోయాయి.

దాంతోపాటు సైకిలు స్థానం కూడా మారింది. మోటారు సైకిలు ఇంటింటికీ వచ్చాక సైకిలు తొక్కే కష్టం ఏమిటో కొత్త తరానికి ఒంట్లో తెలియలేదు. అద్దె సైకిళ్ళ అంగళ్ళు మూతబడ్డాయి. ఊరి నడుమ ఖాళీ స్థలాలు ఇళ్ళకు, భవనాలకు పోయాయి. గనుల్లో యంత్రాలు పెరిగాయి. బోరుబావులు, తోటలు పెరిగిన చోట వేసవిలో కూడా పని ఉంది. పని లేనిచోట జనం గల్ఫుకు, బెంగళూరుకు పోయారు. ఆట చూడటానికి కావలసిన అయిదు నెలల తీరిక ఊళ్ళోనే లేకుండా పోయింది.

ఇప్పటి సైక్లింగ్, పాత ఆట

తెలుగునాట దూరాలు తొక్కే ఆట కొత్త రూపంలో తిరిగి వచ్చింది. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలొడ్రోమ్ కట్టారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలారు పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. ఫ్రాన్స్ పద్ధతిలో జరిగే బ్రెవే యాత్రల్లో 200 కిలోమీటర్లను 13న్నర గంటల్లో, 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో పూర్తి చేయాలి. ఈ తొక్కుడుకు బహుమతి డబ్బు లేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సొంత ఖర్చుతో, గేర్ల సైకిళ్ళ మీద, హెల్మెట్లతో తొక్కుతారు. నిద్రతో పోరాటం, అరచేతుల మొద్దుబారడం, సీటు పుండ్లు మాత్రం ఊరి బరిలో ఉన్నవే.

బతుకుదెరువు కోసం ఆ కష్టం పడ్డవాళ్ళకు పతకాలు, ధ్రువపత్రాలు లేవు. ఒకప్పుడు పార్టీల్లో తొక్కినవాళ్ళు, డాన్సులు చేసినవాళ్ళు, మైకు పట్టినవాళ్ళు ఇప్పుడు వయసుమళ్ళినవాళ్ళు. వాళ్ళు చెప్పేది వినిరాసే పని, వాళ్ళ దగ్గరున్న ఫొటోలు, కరపత్రాలు దాచే పని జిల్లాలోని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు చేపట్టదగినది. వృద్ధ కళాకారుల పింఛను ఇచ్చేటప్పుడు నాటకం, బుర్రకథ వరుసలో సైకిల్ ఆటను కూడా చేర్చడం న్యాయం. భారతదేశంలో వృత్తి సైక్లింగు చరిత్ర రాసేవాళ్ళు ట్రాకులతో, జాతీయ పోటీలతో పాటు సంక్రాంతికీ మృగశిరకూ మధ్య పల్లె బయళ్ళలో సాగిన ఈ సీజనును కూడా అందులో ఒక అధ్యాయంగా చేర్చాలి.